మచ్చు

మిర్చి యార్డులో ఎవడు నడిచినా
అడుగు ఎర్రగా పడుతుంది.
అందరి అడుగుల్లోనూ లోపలి పక్కన
నెలవంక మేర ఒక ఖాళీ.
నా అడుగులో అది లేదు.
మడమ నుంచి వేళ్ళ దాకా
పెనం మీద తిప్పిన అట్టు పిండిలా
నిండుగా ఒకటే ముద్ర.

నా పేరు ఏసుపాదం.
పేరులోనే పాదం పెట్టారు, చూసే పెట్టారో లేదో.

ఇరవై రెండో ఏట, కానిస్టేబుల్ సెలక్షన్లో
తడికాళ్ళతో సిమెంటు మీద నడిపించి
లాఠీ కొసతో నా ముద్ర చూపిస్తూ
"చదును" అన్నాడొకాయన.
పరుగు సరిపోయింది. ఛాతీ సరిపోయింది.
పాదమే నేలకి కాస్త ఎక్కువైంది.
అప్పటి నుంచీ ఇక్కడే,
కాటా పక్కన, చీటీలు రాస్తూ, నిలబడి.

నలభై నాలుగు వచ్చాక, మార్చి రద్దీలో
చీలమండ కింద నొప్పి మొదలైంది.
సాయంత్రం ఏడింటికి
వారం వడ్డీవాడిలా ఠంచనుగా వచ్చేది.

కొత్తపేటలో డాక్టర్ రిజ్వానా
కూర్చోబెట్టి చూసింది: వంపు ఉంది.
నిలబెట్టింది: పోయింది.
మునివేళ్ళ మీద లేవమంది: మళ్ళీ వచ్చింది.
"మొండి చదును కాదు, మెత్తని చదును" అంది.
ఇన్నేళ్ళూ లేదనుకున్నది
బరువు చూసి దాక్కుంటోందన్నమాట.

బ్రాడీపేట చెప్పుల షాపువాడు రెండు చూపించాడు.
కాలి అచ్చు తీసి చేయించే అట్ట అయిదు వేలు.
డబ్బాలో వచ్చేది ఆరొందల యాభై.
"జీవితం మారిపోద్ది సార్" అన్నాడు, అయిదు వేలదాని మీద చెయ్యేసి.

మళ్ళీ కొత్తపేట వెళ్ళి అడిగాను, సాక్ష్యం ఏముందని.
ఆమె వెంటనే చెప్పలేదు.
కంప్యూటర్ నావైపు తిప్పింది.
"చిన్న చిన్న పరిశోధనలు.
ఒక్కోదాంట్లో కొద్దిమందే, కొన్ని వారాలే.
నొప్పి కొంత తగ్గొచ్చు, అదీ గట్టిగా చెప్పలేం.
ఖరీదుదానికీ డబ్బాదానికీ పెద్ద తేడా తేలలేదు.
అట్ట పెట్టినంత మాత్రాన పాదం ఆకారం మారుతుందని నేననను.
నొప్పే లేకపోతే అసలు ఏమీ అక్కర్లేదు.
అర్థమవుతోందా?"

నాకా అర్థం కానిది!
టిక్కీలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయ తీస్తారు, మచ్చు.
కొనేవాడు రంగు చూస్తాడు,
చెవి దగ్గర ఆడించి గలగల వింటాడు,
తుంచి, దగ్గి, రేటు చెబుతాడు.
పైన తేజ రకం మెరుస్తూనే ఉంటుంది.
అడుగున తాలుందో తేముందో
బోర్లిస్తేగానీ తెలీదు.
ఆ తెర మీదవన్నీ గుప్పెళ్ళు.
టిక్కీ ఇంకా ఎవరూ బోర్లించలేదు.

"తెలియదు" అన్న మాటకి మూడొందలు ఫీజు కట్టాను.
బాధ అనిపించలేదు.
యార్డులో ఆ మాట
డబ్బులిచ్చినా దొరకదు.

డబ్బాదే కొన్నాను.
వేళ్ళు ముడవకుండా అరికాలిని పొట్టిగా లాగే
ఒక కసరత్తు కూడా చెప్పింది.
బల్ల కింద చేస్తుంటాను,
ఎవరికీ కనబడదు. కనబడితే నవ్వుతారు.

హమాలీ బాజీది కూడా ఇదే పాదం.
ముప్ఫై ఏళ్ళుగా వట్టి కాళ్ళతో టిక్కీలు మోస్తాడు.
"నొప్పా? ఎక్కడ?" అంటాడు,
నన్ను కాదు, తన కాళ్ళనే అడుగుతున్నట్టు.
వాడిదీ ఒక గుప్పెడే.
వాణ్ణి చూసి నా బూట్లు పారెయ్యలేను,
నన్ను చూసి వాడికి కొనివ్వనూలేను.

ఏడింటి నొప్పి ఇప్పుడు తొమ్మిదింటికి వస్తోంది.
అట్ట వల్లా,
బల్ల కింద కసరత్తు వల్లా,
మే నెలొచ్చి యార్డుకి సెలవులివ్వడం వల్లా,
ఇంత డబ్బు పోశాను కదా అని నొప్పే మొహమాటపడిందా
నాకు తెలీదు.
చీటీ రాయమంటే ఎవరి ఖాతాలో రాయను?

సెలవులు మొదలయ్యే ముందు సాయంత్రం
కాటా దగ్గర బూట్లు విప్పి నిలబడ్డాను.
బాజీ వంగి నేల చూశాడు.
"ఏం ఏసుపాదం, వంపు మొలిచిందా?"
లేదు.
అదే ముద్ర, ఎర్రగా,
తరుగు తియ్యని తూకంలా.
వాడు పక్కనే తన కాలు కూడా ఆన్చాడు.
కాసేపు ఇద్దరం చూసుకుని
ఊడ్చేవాళ్ళొస్తే పక్కకి జరిగాం.